పెళ్లిళ్ల పేజీలో నా ఎనిమిది

ఇప్పుడు మీరు బెంజ్ సర్కిల్‌లో నిలబడి గవర్నర్‌పేటలో ఉన్న స్నేహితుడికి ఫొటో పంపితే, అది ఏ దారిన వెళ్లిందో ఆలోచించరు. ఆలోచించాల్సిన అవసరమూ లేదు. నేను జీతం తీసుకున్నదే ఆ దారి గురించి ఆలోచించడానికి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా గవర్నర్‌పేట ఆఫీసు నుంచి బెంజ్ సర్కిల్‌లోని ఇంకో కంపెనీ కస్టమరుకి ఈమెయిలు పంపితే, అది ముందు బొంబాయి వెళ్లి, సముద్రం దాటి, పరాయి దేశంలో ఎక్కడో మలుపు తిరిగి, మళ్లీ సముద్రం దాటి విజయవాడ చేరేది. ఆటోలో వెళ్తే పావుగంట దూరం. అబద్ధం చెబుతున్నాననుకోకండి. నేను అబద్ధం చెప్పిన సంగతి ముందుముందు వస్తుంది, అప్పుడు నేనే చెబుతాను.

మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఇంట్లో అందరిదీ చేపల వ్యాపారమే. నేనొక్కణ్ణే పాలిటెక్నిక్ చదివి, కొన్నేళ్లు ఆఫీసుల్లో టెలిఫోన్ బాక్సులు బాగుచేసి, చివరికి ఈ ఇంటర్నెట్ కంపెనీలో తేలాను. కంపెనీ అంటే పెద్ద మాట. కింద హోల్‌సేల్ బట్టల కొట్టు, మధ్య అంతస్తులో నెట్ సెంటరు, పైన మేము, మా మీద డాబా, డాబా మీద యాంటెన్నా. కొట్టూ కంపెనీ రెండూ మా యజమానివే. ఆయనకు కంప్యూటరు ఆన్ చేయడం రాదు. కానీ మనుషుల్ని చదవడం వచ్చు. రౌటర్ పాడైందని చెబితే నా మొహం చూసి, ఎంతసేపు పడుతుందో నాకంటే ముందు చెప్పేవారు.

ఊళ్లో మాలాంటి చిన్న కంపెనీలు మొలకల్లా పుట్టుకొచ్చాయి. ఎవరి తీగ వాళ్లు బొంబాయికి లాక్కున్నారే తప్ప, పక్కవాడితో కలుపుకోవాలని ఎవరికీ తోచలేదు. తోచినా పోటీవాడితో కలవడమేమిటని ఊరుకున్నారు. రెండు నెట్‌వర్కులు మధ్యవర్తి లేకుండా నేరుగా కలుపుకోవడాన్ని మా పనిలో పీరింగ్ అంటారు. పక్కపక్క ఇళ్లవాళ్లు గోడకు తలుపు పెట్టుకున్నట్టు. నీ ఇంటికి వచ్చేవాడు మా వైపు నుంచి వస్తాడు, మా ఇంటికి వచ్చేవాడు నీ వైపు నుంచి వస్తాడు, వీధంతా చుట్టి రావక్కర్లేదు. ఇంత చిన్న విషయానికి విజయవాడలో మనుషుల్ని ఒప్పించడానికి ఒకావిడ ఆర్నెల్లు తిరిగింది.

ఆవిడ బెంజ్ సర్కిల్ కంపెనీలో నెట్‌వర్క్ హెడ్డు. అంతకుముందు కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. వాళ్ల తాతగారి నుంచి అందరూ మేష్టర్లే. మేమంతా ‘మేడమ్’ అనేవాళ్లం. ఆవిడ మమ్మల్నందర్నీ ‘సార్’ అనేవారు, అంటూనే మా తప్పులు దిద్దేవారు. నేను ఇంగ్లీషులో రాసిన ఈమెయిలుకి జవాబుతోపాటు, నా ఈమెయిలే కామాలు సరిచేసి వెనక్కి వచ్చేది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత ఆవిడకి పంపేముందు నేనే రెండుసార్లు చదువుకోవడం మొదలుపెట్టాను. సిటీ బస్సులో వచ్చేవారు, చేతిలో ఎప్పుడూ ఒక స్పైరల్ నోటుబుక్కు. ఆ పుస్తకం లేకుండా ఆవిడని నేను చూడలేదు.

మేడమ్ మూడు కంపెనీల్ని కూర్చోబెట్టారు. మేము, సత్యనారాయణపురంలో ఒక కంపెనీ, గుడివాడ కంపెనీ. తమదితో కలిపి నాలుగు. అందరికీ కలిపి ఒక వెబ్ పేజీ తయారుచేశారు. అందులో ప్రతి కంపెనీ తన వివరాలు నింపాలి. మీ నెట్‌వర్కు నంబరెంత, ఏ బిల్డింగులో ఉంటారు, మీ లైను ఎన్ని మెగాబిట్లు మోయగలదు, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ వేళప్పుడు చేయాలి. పేజీ అక్కడితో ఆగదు. అందరి అంకెలూ చూసి, ఎవరి దారిలో ఎంత రద్దీ పంపాలో అదే తేల్చి, పది నిమిషాలకోసారి మా రౌటర్లకు చెబుతుంది. ఇప్పుడు మీకిది చిన్న పనిగా కనిపించొచ్చు. అప్పట్లో మేం నోరు వెళ్లబెట్టి చూశాం.

“తెలియనివాళ్లు కలవాలంటే ముందు ఒకళ్ల వివరాలు ఒకళ్లకి తెలియాలి కదండీ,” అన్నారు మేడమ్, మొదటి రోజు బోర్డు మీద గీసి చూపిస్తూ.

గుడివాడ కంపెనీ ఇంజనీరు వెనక కుర్చీలో తేగలు తింటున్నాడు. చలికాలంలో తేగలు, వేసవిలో తాటిముంజలు, ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి తెచ్చేవాడు. నోరు తుడుచుకుని, “అంటే బయోడేటా అనండి మేడమ్! ఆ నంబరు గోత్రం, మెగాబిట్లేమో అబ్బాయి పొడుగు,” అన్నాడు.

ఆ రోజు నుంచి అది పెళ్లిళ్ల పేజీ అయిపోయింది. ఒక కనెక్షన్ కలిస్తే ‘సంబంధం కుదిరింది’, లైను పడిపోతే ‘అలిగారు’. మేడమ్‌కి ఈ పరాచికాలు నచ్చేవి కావు. కానీ నెల తిరిగేసరికి ఆవిడే ఫోన్ చేసి, “సార్, పొద్దున్నుంచీ మీవాళ్లు అలిగారేమిటండీ?” అని అడిగారు. నేను నవ్వాను. ఆవిడా నవ్వారు, వెంటనే సర్దుకున్నారు.

ఇక నా సంగతి. పేజీలో మా వివరాలు నింపే రోజు మా యజమానిని అడిగాను. మా డాబా మీది యాంటెన్నా నుంచి బెంజ్ సర్కిల్ డాబాకి ఉన్న లైను రెండు మెగాబిట్లు మోస్తుంది. అదే వేయనా అన్నాను.

“రెండేంటయ్యా, రెండు!” అన్నారాయన, గుడ్డ కొలుస్తున్న గజంబద్ద పక్కన పెట్టి. “బయోడేటాలో ఎవడన్నా ఉన్నదున్నట్టు రాస్తాడంటయ్యా? మా బావమరిది పెళ్లప్పుడు కిరాణాకొట్టుని సూపర్ బజారని రాశాం. నాలుగెయ్యి.”

నిజం చెప్పాలి. ఆయన నాలుగే వేయమన్నారు. నేను పైకెళ్లి పేజీ తెరిచేసరికి గుడివాడ అప్పటికే ఆరు వేసి ఉంది. గుడివాడకి ఆరూ, గవర్నర్‌పేటకి నాలుగూనా? నా వేలు ఎనిమిది మీద పడింది. మా ఇంట్లో చేపలు తూచేటప్పుడు ఐసు తీసి తూచాలని నాన్న పట్టుబట్టేవాడు. నా ఎనిమిది ఐసుతో కలిపి తూచిన బరువు. అదేమీ పెద్ద తప్పుగా అనిపించలేదు నాకు. అందరూ రాసుకునేదే కదా అనుకున్నాను. దాన్ని చదివేది మనుషులు కాదని, యంత్రమని, యంత్రానికి పెళ్లివారి లోకరీతి తెలియదని నాకు తట్టలేదు. పెళ్లివారైతే ఎనిమిదని చదివి మనసులో నాలుగనుకుంటారు. పేజీ ఎనిమిదంటే ఎనిమిదే అనుకుంది.

మూడు నెలలు అంతా బాగానే నడిచింది, రద్దీ తక్కువ కాబట్టి. అసలు పరీక్ష ఇంజనీరింగ్ ఎంట్రన్సు ఫలితాల రోజు. విజయవాడలో కోచింగ్ కాలేజీలు ఎన్నో మీకు తెలుసు. ఆ రోజు ఊరు ఊరంతా నెట్ సెంటర్ల ముందే ఉంటుంది. ఫలితాల కాపీ ఒకటి తమ సర్వర్‌లో పెట్టడానికి మేడమ్ అనుమతి తెచ్చారు. బొంబాయి, సముద్రాలు ఏవీ అక్కర్లేదు, నాలుగు కంపెనీల నెట్ సెంటర్లూ బెంజ్ సర్కిల్ నుంచే నేరుగా తీసుకోవచ్చు. కానీ వాళ్ల యజమాని ఒక షరతు పెట్టాడు. పోటీవాళ్లతో ఈ కలయికలు ఆయనకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఫలితాల రోజు సాఫీగా గడిస్తే పేజీ ఉంటుంది, లేదంటే మర్నాడే తీగలు పీకించి, పేజీ తీయించేస్తానన్నాడు. అందరిముందూ అన్నాడు. లెక్చరరు ఉద్యోగం మానుకుని వచ్చిన మనిషి ఆర్నెల్ల పని ఆ ఒక్క రోజు మీద ఉంది.

ఫలితాలకు పది రోజుల ముందు మేడమ్ ఫోన్ చేశారు.

“సార్, చిన్న సందేహమండీ. మీ లైను ఎనిమిదే కదూ?”

అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. కానీ మూడు నెలలుగా ఎనిమిది ఎనిమిది అని గుడివాడవాడి దగ్గర గొప్పలు పోయి ఉన్నాను. ఇప్పుడు రెండంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

“ఎనిమిదేనండి మేడమ్,” అన్నాను.

“సరేనండీ. మీరన్నారుగా, చాలు,” అని పెట్టేశారు.

ఫలితాలు పన్నెండింటికి. విజయవాడ మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, డాబా మెట్ల రెయిలింగు పట్టుకుంటే చెయ్యి కాలింది. కింద నెట్ సెంటరులో ఊపిరి పీల్చుకునే చోటు లేదు. పిల్లలు హాల్ టికెట్ నంబర్లు అరచేతుల మీద రాసుకుని వచ్చారు, చెమటకి కొందరివి చెరిగిపోయాయి. పన్నెండు దాటి అయిదు నిమిషాలకి మా స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. నాకు ఎందుకో వెంటనే తెలిసింది. పేజీ అంకెలు చూసింది. బెంజ్ సర్కిల్‌కి వెళ్లే దారులన్నింట్లోనూ మా దారే వెడల్పని తేల్చింది. గుడివాడ రద్దీ మొత్తాన్నీ, సత్యనారాయణపురం రద్దీలో సగాన్నీ మా డాబా మీదికి మళ్లించింది. రెండు మోసే లైను మీద మూడు ఊళ్లంత బరువు పడింది.

మార్చడం నిమిషం పని. పేజీలో ఎనిమిది కొట్టేసి రెండు వేస్తే, పది నిమిషాల్లో రద్దీ అంతా గుడివాడ, సత్యనారాయణపురం దారుల్లోకి మళ్లుతుంది. కానీ మేడమ్ ఆ పేజీని ఎలా కట్టారంటే, ఎవరు ఏ అంకె ఎప్పుడు మార్చారో పేరుతో సహా అందరికీ కనిపిస్తుంది. నేను రెండు వేసిన మరుక్షణం నలుగురికీ తెలుస్తుంది, మూడు నెలలుగా నేను ఏం రాసి ఉంచానో.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. స్పానర్ తీసుకుని డాబా ఎక్కాను. యాంటెన్నా నట్లు బిగించాను. బాగానే ఉన్న నట్లు. తడిపిన గోనెపట్టా తెచ్చి యాంటెన్నా కింది పెట్టె మీద కప్పాను, వేడికి పనిచేయడం లేదేమోనన్నట్టు. తప్పు అంకెలో ఉందని తెలిసీ, ఎండలో నిలబడి చుట్టుపక్కల డాబాల వాళ్లకు కనిపించేలా కష్టపడ్డాను.

సెల్‌ఫోన్ మోగింది. మేడమ్.

“సార్, మీ దారి నిండిపోయినట్టు చూపిస్తోందండీ. నా లెక్కలో ఎక్కడో పొరపాటు పడింది. నేను వెతుకుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.”

“చూడండి మేడమ్,” అన్నాను.

ఆవిడ తన లెక్కలో తప్పు వెతుక్కుంటున్నారు. లేని తప్పు. ఆ వెనక వాళ్ల యజమాని గొంతు పెద్దగా వినిపిస్తోంది. నేను మెట్లు దిగుతుంటే మధ్య అంతస్తులో ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. “బాబూ, మీరు పైవాళ్లంటగా. మా పాప పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదండి. ఆ నంబరొక్కటి చూసి పెట్టండి,” అన్నాడు. చూస్తానండి అని చెయ్యి విడిపించుకుని పైకి వచ్చేశాను.

ఒంటిగంటకు మళ్లీ ఫోన్.

“సార్, దొరకలేదండీ. మొదట్నుంచీ రెండుసార్లు చదివాను. మా సార్ పేజీ ఆపేయమంటున్నారు. ఆపేస్తున్నాను. మీ అందర్నీ ఇబ్బంది పెట్టాను.”

అప్పటిదాకా ఎలా తట్టుకున్నానో గానీ, ఆవిడ నాకు క్షమాపణ చెబుతుంటే మాత్రం తట్టుకోలేకపోయాను. “ఆపకండి మేడమ్. రెండు నిమిషాలు ఆపకండి,” అని అరిచాను. కుర్చీలో కూర్చోకుండానే పేజీ తెరిచి, ఎనిమిది కొట్టేసి రెండు వేశాను. నా పేరు, టైము ఎర్ర అక్షరాల్లో వచ్చి కూర్చున్నాయి. ఫోన్లో అవతల మౌసు నొక్కిన చప్పుడు వినిపించింది. ఆవిడకీ కనిపించిందన్నమాట. “సరేనండీ” అని పెట్టేశారు.

పదో నిమిషానికి కింద నుంచి కేక వినిపించింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఇక లెక్కలేదు. నంబర్లు వస్తున్నాయి. పెద్దాయన పాప సంగతి నేను అడగలేదు, అడిగే మొహం లేదు. తర్వాత మా నెట్ సెంటరు అమ్మాయి చెప్పింది, మంచి ర్యాంకే వచ్చిందట.

మర్నాడు పొద్దున బెంజ్ సర్కిల్‌లో వాళ్ల ఆఫీసులో అందరం కూర్చున్నాం. కింద బస్సుల హారన్లకి కిటికీ తలుపులు మూసినా మాట వినపడటం లేదు. వాళ్ల యజమాని మొదలుపెట్టేలోపే నేను లేచాను. పేజీలో తప్పు లేదనీ, తప్పు నాదేననీ, గంటసేపు తెలిసి కూడా ఊరుకున్నాననీ చెప్పాను. ఇవి చెప్పడానికి రాత్రంతా మంచి మంచి వాక్యాలు తయారుచేసుకున్నాను గానీ, వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

మా యజమాని వెంటనే నన్ను వెనకేసుకొచ్చారు. “మనవాడు చేసిందాంట్లో అంత ఘోరమేముందండీ? బయోడేటా అన్నాక ఆ మాత్రం ఉంటది!”

గుడివాడ ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “నాదీ మూడేనండి. ఆరేశాను.” ముంజల సంచీ కుర్చీ కిందకి తోసి తల దించుకున్నాడు. సత్యనారాయణపురం ఆయనకి మాత్రం నాలుగే ఉంది, నాలుగే వేశాడు. మా నలుగురిలోకీ ఆయనకే పెళ్లిళ్లు కుదర్చడం చేతకాదని మేం చెప్పుకునేవాళ్లం.

మేడమ్ అంతసేపూ నావైపు చూడలేదు. నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టి, నా ముందుకు జరిపారు. ఆవిడ నాకు ఫోన్ చేసిన రోజు తేదీ. ఆదివారం పొద్దున్నే వచ్చి, ఒక్కో లైను మీదా పెద్ద ఫైలు పంపి, గడియారం పెట్టుకుని కొలిచారట. మూడు పేర్లు, గుడివాడకి ఎదురుగా మాత్రం అంకె లేదు, ఆ పొద్దున లైను అలిగిందని రాసి ఉంది. మా పేరుకి ఎదురుగా రెండుకి దగ్గరగా ఏదో అంకె. దాని మీద ఆవిడే అడ్డగీత కొట్టి, పక్కన ఎనిమిది రాసుకున్నారు.

“కొలిస్తే తక్కువొచ్చింది. అందుకే ఆ రోజు ఫోన్ చేసి అడిగాను,” అన్నారు. “మీరు ఎనిమిదన్నారు. నా కొలతే తప్పనుకున్నాను సార్.”

తిట్టి ఉంటే బాగుండేది. తల కొట్టేసినట్టయింది. నన్ను అంత నమ్మిన మనిషి నా ఉద్యోగ జీవితంలో అంతకుముందు లేరు. ఆ నమ్మకం ఉన్న సంగతి నాకు తెలిసేసరికి దాన్ని పాడుచేసి కూర్చున్నాను.

వాళ్ల యజమాని కాసేపు ఆ పుస్తకం చూశాడు. గంట ఆలస్యమైనా ఫలితాలు ఊరంతటికీ ముందు మా నాలుగు కంపెనీల్లోనే కనిపించాయని అప్పటికే ఎవరో ఆయన చెవిన వేశారు. కోపం కొంత దిగింది. “పేజీ బానే ఉందమ్మా, సరే. మనుషుల్తోనే కదా పేచీ. ఇక ఎవరి మాట నమ్మమంటారు?” అన్నాడు.

“మాటలొద్దండీ. ఎవరు ఎంత రాసినా, వెళ్లి కొలిచి, వచ్చిన అంకే పేజీలో వేద్దాం,” అన్నారు మేడమ్. “కొలవడానికి ఈ సార్ వెళ్తారు.”

గదిలో ఒక్కసారిగా నవ్వులు. గుడివాడవాడు బల్ల చరిచి మరీ నవ్వాడు. నేను ఏదో అనబోయాను.

“నేను నవ్వులాటకి అనలేదండీ,” అన్నారావిడ. “ఎక్కడ పెంచుతారో, ఎందుకు పెంచుతారో ఈయనకు తెలిసినంతగా నాకు తెలియదు. మొదట మీ డాబా మీదిదే కొలవండి సార్.”

మధ్యాహ్నానికి గవర్నర్‌పేట చేరాను. ఆవిడ చేసినట్టే పెద్ద ఫైలు పంపి, గడియారం పెట్టుకుని, మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటి ముప్పావే వచ్చింది. అంటే నిన్న పశ్చాత్తాపంతో చెమటలు కక్కుతూ నేను వేసిన రెండు కూడా నిజం కాదు.

భోజనం చేసి పైకి వచ్చిన మా యజమాని నా భుజం మీదుగా స్క్రీన్ చూశారు. “పావే కదయ్యా. రెండే ఉంచెయ్.”

“లేదండీ,” అని ఒకటి ముప్పావు వేశాను. ఆయన నా మొహం చూసి కొట్లోకి దిగిపోయారు.

పేజీ మీద నా పేరు, టైము పడ్డాయి. కాసేపటికి ఫోన్ మోగింది.

“చూశాను సార్, ఒకటి ముప్పావు,” అన్నారు మేడమ్. అవతల నోటుబుక్కు మూసిన చప్పుడు వినిపించింది. “ఇది నేను మళ్లీ కొలవక్కర్లేదులెండి.”